గౌరినాయుడి ఐదో గేరు

నేను ఒక పాత లారీ గేర్‌బాక్సును. నన్ను పోతపోసిన కార్ఖానా ఇప్పుడు లేదు. నా గొప్పంతా ఐదో గేరుది. దాన్ని ఓవర్‌డ్రైవ్ అంటారు. చదును రోడ్డు మీద అందులో వేస్తే ఇంజను నెమ్మదిస్తుంది, చక్రాలు మాత్రం పరుగు తీస్తాయి. కొండ ఘాటురోడ్డు దిగేటప్పుడు అదే గేరు యమపాశం. బండిని నిలువరించే బలం దానికి ఉండదు.

నాతో కాపురం తేలిక కాదు. గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. మధ్యలో యాక్సిలరేటరు తొక్కి ఇంజనుకు రేసు ఇచ్చి, ఆ మోత నా చక్రాల వేగానికి కుదిరిన క్షణాన్ని చెవితో పట్టుకోవాలి. మొదటి యజమాని కలప వ్యాపారి. ఆయన డ్రైవర్లందరూ తమ తొందరకు నన్ను తిట్టారు. తరవాత లారీని కొన్న గౌరినాయుడు తిట్టలేదు. చుట్ట ఆర్పి, తల వంచి విన్నాడు. మనుషుల్లో వినేవాళ్లు తక్కువ.

పాడేరు కొండల నుంచి పసుపు, మిరియాలు కిందికి చేరవేసేవాడు. పిల్లలు లేరు. భార్య ఎర్నమ్మ ఎప్పుడూ పక్క సీట్లో ఉండేది. అన్నేళ్లు ఇంజను పక్కన కూర్చున్న గౌరినాయుడి చెవులు మెల్లగా మూసుకుపోయాయి. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బండి దిగితే తను ఏమవుతాడోనన్న భయం. ఎర్నమ్మ ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పేవాడు. మొగుళ్లందరూ అంతే అని ఆమె సరిపెట్టుకుందనుకున్నాను.

ఒక సంత రోజు, వాన వెలిసింది. పసుపు బస్తాలతో నేను ఐదో గేరులో ఉండగానే ఘాటు మొదలైంది. ఆయన కింది గేరుకు లాగబోయాడు. మోత ఆయన చెవికి అందలేదు. ఐదులోంచి ఊడాను, మరి దేనిలోనూ పడలేదు. బండి తనంతట తానే దొర్లింది. బ్రేకులు మాడిన వాసన. కింది మలుపులో సంత నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్లు, నెత్తిన గంపలు.

ఆయన రేసు ఇచ్చి తోశాడు; కరకరమన్నాను. మళ్లీ తోశాడు. అప్పుడు ఎర్నమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. మోత ఎక్కింది, ఇంకా ఎక్కింది. సరిగ్గా కుదిరిన క్షణాన ఆమె వేళ్లు గట్టిగా నొక్కాయి. ఆయన తోశాడు. మూడో గేరు పడింది. బండి బరువంతా నా మీద వాలింది, ఓర్చుకున్నాను. గంపలవాళ్లు పక్కకు జరిగి మాకు దారి ఇచ్చి, తమ కబుర్లలో తాము పడ్డారు.

చదును రాగానే లారీ ఆపాడు. చాలాసేపు స్టీరింగు వదల్లేదు.

“నాకు ఇంజను మోత ఇనబడ్డం నేదే,” అన్నాడు.

ఎర్నమ్మ ఆయన మొహాన్ని తన వైపు తిప్పుకుంది, పెదాలు కనపడేలా. “తెలుసు మావా. సాన్నాళ్లై తెలుసు. నువ్వే సెప్తావని సూత్తన్నాను.”

“మరి బండెందుకెక్కినావు?”

“నువ్వెక్కినావు కదా.”

ఆ తరవాత ఆయన ఘాటు ఎక్కలేదు. కొన్నాళ్లకు చదును దారినే నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చి, లారీని అనకాపల్లి పాత ఇనుము కొట్టులో పెట్టాడు. ఇప్పుడు నేనుండేది అక్కడే. అక్కడ చివరిసారి ఇంజను ఆపేముందు ఆయన చెయ్యి గేరు కడ్డీ మీదే ఉంది.

“ఎలాగుంది మోత?” అని అడిగాడు.

ఆ సంత రోజు ఘాటులో నా గేరు పన్ను ఒకటి విరిగింది. లోపల అది టకటకమని కొట్టుకుంటోంది. ఎర్నమ్మ చెవి ఒగ్గి విన్నది.

“బాగుంది మావా,” అంది. “కొత్తదాన్నాగే ఉంది.”

ఆయన తల ఊపి, తాళం తిప్పాడు.