రోడ్డుకి అవతల నుంచి

నిచ్చెన ముందు కొస పెయింటరూ, వెనక కొస అతని బావమరిదీ భుజాన వేసుకుని బజారు వీధిలోకి తిరిగేసరికి, పెయింటర్ కుడిచెయ్యి అలవాటు ప్రకారం చొక్కా జేబులోకి వెళ్ళింది. లవంగాల పొట్లం తగిలింది. చెయ్యి చిన్నబోయి బయటికొచ్చింది. ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు అలా వెళ్ళివచ్చిందో లెక్కలేదు. సిగరెట్లు మానేసి ఇది మూడో రోజు. ఆ సంగతి పెయింటర్‌కి తెలుసు, అతని భార్యకి తెలుసు, బావమరిదికి తెలుసు. చేతికి మాత్రం ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

పెయింటర్ అంటే గోడలకి రంగులేసే పెయింటర్ కాదు, షాపులకి బోర్డులు రాసే పెయింటర్. ఆ తేడా తెలియనివాళ్ళతో అతను మాట్లాడడు. సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర కాస్త ముందుకి వంగి ఉంటాడు. గోళ్ళ చివర ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. అది చూసి ఈ వారం ఎవరి బోర్డు నడుస్తోందో వీధిలోవాళ్ళు చెప్పేస్తారు. కుడిచేతి రెండు వేళ్ళ మధ్య ఒక పసుపు మరక మాత్రం రంగు కాదు. దాన్ని ఏ కిరసనాయిలూ వదిలించలేకపోయింది.

మానెయ్యాలన్నది అతనికి పుట్టిన బుద్ధి కాదు. కిందటి వారం మందుల షాపు బోర్డు రాస్తుండగా, నిచ్చెన పై మెట్టు మీద దగ్గు తెర అందుకుంది. అతను ఊగాడు, నిచ్చెన ఊగింది, కింద పట్టుకున్న బావమరిదీ ఊగాడు. ఎవరు ముందు పడతారా అన్నట్టు కాసేపు నడిచింది. బావమరిది ఆ సాయంత్రమే అక్క దగ్గరికి పోయి, ఉన్నదానికి ఇంతకింత కలిపి చెప్పాడు. ఆవిడ మొగుణ్ణి డాక్టర్ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. డాక్టర్ ఛాతీ ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూసి, ఇంకా చెయ్యి దాటిపోలేదు గానీ దాటడానికి ఎంతో దూరం లేదన్నాడు.

దారి పొడుగునా భార్య పెదవి విప్పలేదు. అరుస్తుందని, ఏడుస్తుందని, కనీసం అలుగుతుందని అన్నిటికీ సిద్ధపడి ఉన్న పెయింటర్‌కి ఆ మౌనం ఏంటో అంతుచిక్కలేదు. ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ, తలెత్తకుండా అంది.

"నా ఒక్కదానికే వండుకోవడం నాకు చేతకాదండీ. ఎప్పుడూ చెయ్యలేదు."

అంతే. పెయింటర్ జేబులోంచి పెట్టె తీసి, నలిపి, చెత్తబుట్టలో పడేశాడు. పడేసిన మరుక్షణం ప్రాణం ఉసూరుమంది, అందులో ఇంకా సగం ఉన్నాయి మరి.

తీరా చూస్తే అసలు చిక్కు నోటితో కాదు, పనితో వచ్చింది. మిగతా పెయింటర్లు దారం కడతారు, సుద్దగీత కొడతారు, స్కేలు పెట్టి కొలుస్తారు. ఇతనికి అవన్నీ చిన్నతనం. దారం పట్టుకునేవాడు పెయింటరేంటి, తాపీమేస్త్రీ గానీ అని వెక్కిరిస్తాడు. ఇతని కొలత వేరు. ఒక అక్షరం రాయడం, నిచ్చెన దిగడం, రోడ్డు దాటడం, అవతల బడ్డీకొట్టు దగ్గర ఒక సిగరెట్ ముట్టించి, కళ్ళు చికిలించి బోర్డు వంక చూడటం. సిగరెట్ అయ్యేసరికి తర్వాతి అక్షరం ఎంత లావుండాలో, ఎక్కడ నిలబడాలో తెలిసిపోయేది.

బడ్డీకొట్టు పెద్దాయన కూడా సీసాల వెనక కూర్చునే బోర్డు చూసేవాడు. ఆ మూడోదానికి పొట్ట ఎక్కువైంది తమ్ముడూ, అనేవాడు. పెయింటర్ ఒప్పుకునేవాడు కాదు. నీకేం తెలుసన్నా, సిగరెట్లు అమ్ముకో, అనేవాడు. ఆ తర్వాత వెళ్ళి పొట్ట తగ్గించేవాడు. చెప్పాలంటే ఆ వీధి బోర్డులన్నీ ఇద్దరూ కలిసి రాసినవే. పెద్దాయనకి పెళ్ళాం పిల్లలు లేరు. ఆ కొట్టూ, ఎదురుగా కనబడే వీధీ, తమ్ముడూ అని పిలవడానికి ఈ ఒక్క మనిషీ ఉన్నారు.

అలాంటి పెద్దాయన మొహం పెయింటర్ మూడు రోజులుగా చూడలేదు. ఆ కొట్టు ముందు నిలబడితే చెయ్యి దానంతటదే చాస్తుందని, పెద్దాయన అలవాటుగా అందిస్తాడని, ఇంట్లో ఆవిడ ఒక్కత్తీ బియ్యం కడుక్కోవాల్సి వస్తుందని అతని భయం. అందుకని తల వంచుకుని ఇవతలి అంచున పోతున్నాడు. ఇవాళ్టి బోర్డేమో సరిగ్గా ఆ కొట్టుకి ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ షాపుది.

రోడ్డు దాటేది లేదని తీర్మానించుకుని పెయింటర్ నిచ్చెనెక్కాడు.

మొదటి అక్షరం కాస్త కసిగా పడింది. దిగలేదు. రెండోది మొదలెట్టాడు. నోరు పిడచగట్టుకుపోయింది. లవంగం నమిలాడు, పిప్పరమెంటు చప్పరించాడు, పెన్సిల్ వెనక భాగం కొరికి పీచు చేశాడు. నిచ్చెన మీద, ఎండ మీద, దారినపోయే సైకిళ్ళ మీద ఒళ్ళు మండిపోతోంది. పైగా మూడు రోజుల్లో ముక్కు ఒకటి పనిచెయ్యడం మొదలెట్టింది. రంగుకి ఇంత ఘాటు వాసన ఉందని అతనికి ఇన్నాళ్ళూ తెలీదు. బావమరిది చొక్కా సంగతి అంతకన్నా తెలీదు. అది ఉతికి ఎన్నాళ్ళయిందని పైనుంచే విచారించాడు.

బావమరిదికి కోపం వచ్చింది గానీ నిచ్చెన పట్టుకున్నవాడు కోపం తెచ్చుకోకూడదు. ఓసారి అటెళ్ళి చూసుకో బావా, అక్షరం కొంచెం బలిసినట్టుంది అన్నాడు. ఇన్నేళ్ళు రాసినవాడికి ఒకడు చూసి చెప్పాలా అని పైనుంచి జవాబొచ్చింది. బావమరిది మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి సందులోకి పోయి, కాసేపటికి నిమ్మకు నీరెత్తినట్టు వచ్చి మళ్ళీ నిచ్చెన పట్టుకున్నాడు.

పెయింటర్ రెండు మెట్లు దిగాడు.

"ఆ చెయ్యి ఇటివ్వు."

"ఎందుకు బావా?"

"ఇవ్వరా."

బావమరిది చెయ్యి అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని గాఢంగా వాసన పీల్చాడు. తిడతాడేమోనని బావమరిది బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. పెయింటర్ తిట్టలేదు. ఇంకోసారి పీల్చాడు. అటుగా పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు. అక్కకి చెప్పనులే, గంటకోసారి వెళ్ళిరా, అన్నాడు పెయింటర్ చివరికి.

మధ్యాహ్నానికి ఇంకో ఘోరం జరిగింది. తర్వాతి అక్షరం గురించి ఆలోచిస్తూ, నీలం రంగులో ముంచిన సన్న కుంచెని రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని, పెయింటర్ తనకి తెలియకుండానే దాన్ని పెదవుల మధ్య పెట్టుకుని దమ్ము లాగాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. కింద నుంచి తలెత్తిన బావమరిదికి బావ పెదాలు నీలంగా కనబడ్డాయి. గుండె జబ్బుకి పెదాలు నీలమవుతాయని వాడు ఎక్కడో విని ఉన్నాడు. నిచ్చెన వదిలేసి, బావ అయిపోయాడు, నీళ్ళు పట్టండి అని వీధంతా వినబడేలా కేకలు పెట్టాడు. జనం పోగయ్యారు. అయిపోయిన మనిషి నిచ్చెన మీద నుంచి, ముందు నిచ్చెన పట్టుకో వెధవా అని అరిచేసరికి వెళ్ళిపోయారు. రోడ్డుకి అవతల బడ్డీకొట్టులో పెద్దాయన సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

ఎండ వాలేవేళకి చివరి అక్షరం పూర్తయింది. కళ్ళజోళ్ళ షాపు యజమాని బయటికొచ్చి, నాలుగడుగులు వెనక్కి వేసి, బోర్డు వంక చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. మొదటి అక్షరం గుమ్మడికాయంత ఉంది. అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ చిక్కిపోతూ, కిందికి జారుతూ, చివరిది నిమ్మకాయంత అయి చట్రం అంచున ఇరుక్కుంది. కళ్ళు పరీక్ష చెయ్యడానికి షాపు లోపల గోడకి తగిలించిన అట్ట మీద అక్షరాలు కూడా అలాగే ఉంటాయి.

"కావాలనే ఇలా రాశారా?" అని అడిగాడు యజమాని. అది కోపమో మెచ్చుకోలో అతనికే తేలినట్టు లేదు.

కావాలనేనండీ, కొత్త రకం, దారినపోయేవాళ్ళకి బయటే పరీక్ష అయిపోతుంది, అని బావమరిది తడుముకోకుండా అందుకున్నాడు. యజమాని మొహం కాస్త విచ్చుకుంది. పెయింటర్ అవునంటే సరిపోతుంది. ఇంటికెళ్ళి పడుకోవచ్చు. అవునందామని నోరు తెరిచాడు కూడా. కానీ అప్పుడే ఫుట్‌పాత్ అంచుకి జరిగి బోర్డు వంక ఓరగా చూశాడేమో, గుమ్మడికాయ నుంచి నిమ్మకాయ దాకా తనకీ కనబడింది.

"తమ్ముడూ."

వెనక బడ్డీకొట్టు పెద్దాయన నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ఆయాసపడుతున్నాడు. ఆయన్ని కొట్టు బయట చూసిన జ్ఞాపకం పెయింటర్‌కి లేదు. ఇంత పొట్టి మనిషని కూడా తెలీదు.

"సిగరెట్ మానేస్తే మానేశావు. చూడటం ఎందుకు మానేశావు?"

పెయింటర్ నీలం పెదాలు తుడుచుకున్నాడు. "నీ దగ్గరికొస్తే ఆగలేనన్నా."

"కొట్టు మూసేసే వచ్చాను. పద."

నిజమే. పొద్దుండగానే ఆ కొట్టు చెక్కలు మూసి ఉన్నాయి. ఇద్దరూ సైకిళ్ళని తప్పించుకుంటూ మెల్లిగా రోడ్డు దాటారు. అవతల తన మామూలు చోట నిలబడి పెయింటర్ వెనక్కి తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వు మొదలైంది. నవ్వుతుంటే దగ్గొచ్చింది, దగ్గు ఆగాక మళ్ళీ నవ్వొచ్చింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. మొత్తం తుడిచెయ్, వెలుగుండగానే అయిపోతుంది, అన్నాడు.

కిరసనాయిలు గుడ్డతో బోర్డంతా తుడిచారు. రాత్రికల్లా కొత్తది ఎండుతూ ఉంటుందని యజమానికి నచ్చజెప్పారు. పెయింటర్ ఒక అక్షరం రాసి, దిగి, రోడ్డు దాటి పెద్దాయన పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ చూశారు. మళ్ళీ వెళ్ళి ఇంకోటి రాశాడు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మొదట ఇబ్బందిపడ్డాడు. తర్వాత వెనక్కి కట్టుకున్నాడు. పొగ లేకపోయేసరికి బోర్డు కూడా ఇదివరకటికన్నా తేటగా కనబడుతోంది. ఆ మాటే పెద్దాయనతో అన్నాడు.

"నాకసలు పొగ వాసనే పడదు తమ్ముడూ. తలనొప్పి."

"మరి ఇన్నేళ్ళూ నా మొహం మీద చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు రావడం మానేస్తావని."

పెయింటర్ వెళ్ళి తర్వాతి అక్షరం రాసి వచ్చాడు. ఈసారి అది బాగుందో లేదో పెద్దాయన చెప్పలేదు. రేపు పొద్దున్నే బండి వస్తుందని, కొట్టు ఎత్తేస్తున్నానని చెప్పాడు. మోకాళ్ళు మాట వినడం లేదట. వేరే ఊళ్ళో అక్క ఒక్కత్తే ఉంది, వచ్చి తన దగ్గర ఉండమని ఎప్పట్నుంచో పోరుతోందట. మూడు రోజులుగా ఈ మాట చెబుదామని చూస్తుంటే నువ్వేమో మొహం తిప్పుకుని పోతున్నావు, అన్నాడు నిష్ఠూరంగా.

పెయింటర్ చెయ్యి చటుక్కున జేబులోకి పోయింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇంత గట్టిగా సిగరెట్ కావాలనిపించలేదు. ఒక లవంగం తను నోట్లో వేసుకుని, ఇంకోటి పెద్దాయన చేతిలో పెట్టాడు. ఇద్దరూ బోర్డు వంక చూస్తూ నమిలారు. పెయింటర్‌కి దుఃఖం వచ్చింది. లవంగం ఘాటు అని సరిపెట్టుకుందామనుకున్నాడు గానీ కుదరలేదు.

"రేపట్నుంచి పొట్ట ఎక్కువైందని ఎవరు చెబుతారన్నా?"

"దారం కట్టుకో," అన్నాడు పెద్దాయన.

మర్నాడు పెయింటర్ ఎండ రాకముందే వచ్చాడు, గానీ బండి అంతకన్నా ముందే వచ్చి వెళ్ళిపోయింది. కొట్టు ఉన్న చోట నేల మిగతా నేల కన్నా నల్లగా, నలుచదరంగా, తడిగా ఉంది. పెయింటర్ అక్కడే నిలబడి రోడ్డుకి అవతల నుంచి బోర్డు చూశాడు. అక్షరాలన్నీ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. నాలుగోదానికి కాస్త పొట్ట ఎక్కువైందని తనే పైకి అన్నాడు. ఎవరూ కాదనలేదు.

అప్పుడు చూశాడు. ఆ నల్లటి చదరం మధ్యలో, ఇన్నేళ్ళూ సీసాల వెనక పెద్దాయన దేని మీద కూర్చునేవాడో, అది అక్కడే ఉండిపోయింది: నాలుగు మడతల గోనెసంచి, దాని కింద బోర్లించిన పాత రంగు డబ్బా, డబ్బా పక్కకి కారి ఎండిపోయిన ఆకుపచ్చ చార. పెయింటర్ ఈ వీధిలో రాసిన మొట్టమొదటి బోర్డు రంగే అది.