మునగనన్న ఊరు

పొద్దున్నే లేవగానే యులాలీ చేసే మొదటి పని బల్లని కొలవడం. కొలబద్దతో కాదు, మూరలతోనే. ఆ చివర నుంచి ఈ చివరకి మోచెయ్యి ఆనించుకుంటూ వచ్చేది. పెరిగితే ఇంకో నాలుగు దుంపలు ఎక్కువ తరిగేది. బల్ల తగ్గితే పెట్టెలోంచి, చావుకి వెళ్ళేటప్పుడు కప్పుకునే నల్ల శాలువా తీసేది. ఎలా ఉన్నది అలాగే ఉంటే పొయ్యి రాజేసి కాఫీ పెట్టుకునేది.

పెయ్రోల్‌లో ఉన్న ఒకే ఒక్క పూటకూళ్ళ ఇల్లు ఆమెది. ఎర్రమట్టి గుట్టల మధ్య వాగుకి ఎగువన ఉన్న చిన్న ఊరు అది. ఆదివారం చర్చి అయ్యాక ఊరంతా ఆమె ఇంట్లోనే భోంచేసేది. అక్రోటు చెక్కతో చేసిన ఆ బల్ల ఆమె అత్తగారి అత్తగారి నాటిది. దాని దగ్గర మళ్ళీ భోంచేయబోయే ప్రతి మనిషికీ దాని మీద ఒక చోటు ఉండేది. కొత్తవాడు వచ్చే రోజు తెల్లారేసరికి అతనికి సరిపడా సాగి ఉండేది. ఇంక ఎన్నటికీ రానివాడి చోటు ముడుచుకుపోయేది. ఒకసారి సూదులూ దారాలూ అమ్ముకునే మనిషొకడు వచ్చి, అడవిపంది కూరని నోరారా మెచ్చుకుని తిన్నాడు. మర్నాటికి అతని చోటు లేదు. "వెధవ! నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా," అని యులాలీ వారం రోజులు తిట్టుకుంది. పోస్ట్‌మాన్ ఆన్సెల్మ్ చోటు పోయిన పొద్దున ఊళ్ళో ఎవరూ పొలానికి వెళ్ళలేదు. మధ్యాహ్నానికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది.

ఈ బల్ల గురించి ఊళ్ళో ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. బల్లమీద పరిచే గుడ్డ సరిపోవడం లేదని యులాలీ మాత్రం అప్పుడప్పుడూ విసుక్కునేది.

ఇంజనీరు వెర్దియే వచ్చిన రోజున బల్ల ఒక మనిషి మేర పెరిగింది. ఉత్తరాది మనిషి, పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. మేడమీది గది అద్దెకు తీసుకున్నాడు. పగలంతా వాగు వెంబడి తిరిగి, బూట్లనిండా ఎర్రమట్టితో వచ్చి, పెట్టినదంతా తినేవాడు. తెల్ల బీన్సూ, బాతు మాంసమూ మట్టిపాత్రలో పొద్దున్నించీ ఉడికిస్తే, అడుగున పట్టిన మాడుని కూడా రొట్టెతో గీకి తినేవాడు. ఆ మాడు తినేవాడు మంచివాడని యులాలీ నమ్మకం.

ఒక ఆదివారం మేకపాల జున్ను వడ్డించాక, అతను గొంతు సవరించుకుని తను ఎందుకొచ్చాడో చెప్పాడు. దిగువన వాగుకి అడ్డంగా ఆనకట్ట కడతారు. ఇక్కడి వైన్‌ని ఇప్పుడెవరూ కొనడం లేదు కాబట్టి మైదానంలో ద్రాక్ష పీకేసి పీచ్ తోటలు వేస్తారు. వాటికి నీళ్ళు కావాలి.

"మంచిదే. నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి?" అన్నాడు ఫుల్‌క్రాన్. అతను ఊరి మేయరు, కమ్మరి కూడా.

వెర్దియే కప్పుకేసి చూశాడు. "దీనిమీద ఒక నిలువెత్తు."

ఎవరి చేతిలో గ్లాసు వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. యులాలీ లేచి ఇంజనీరు గ్లాసు నింపింది.

"మునిగిపోయే ఇంట్లో గది అద్దెకు తీసుకున్నావేంటయ్యా? ఈత వచ్చా నీకు?"

"క్షమించండమ్మా. ఆజ్ఞలు పైనుంచి వచ్చాయి."

"నీళ్ళు కూడా పైనుంచే వస్తాయిలే. తిను, జున్ను ఆరిపోతుంది."

ఆ వారంలోనే వెర్దియే సామాను సర్దుకుని ఆనకట్ట దగ్గరి రేకుల షెడ్డుకి మారిపోయాడు. ఆమె మొహం చూడలేకపోయాడని ఊళ్ళో అనుకున్నారు.

ఆనకట్ట గోడ లేస్తూ ఉంటే పెయ్రోల్ ఖాళీ అవుతూ వచ్చింది. ప్రభుత్వం మైదానంలో కొత్త ఇళ్ళు కట్టి ఇచ్చింది. వాటిలో కుళాయిలు తిప్పితే వేడినీళ్ళు వస్తాయి. మొదట ఫుల్‌క్రాన్ కొలిమి తరలిపోయింది, ఆ తర్వాత మిగిలిన కుటుంబాలు. వెళ్ళేవాళ్ళంతా వెళ్ళేముందు యులాలీ గడప దగ్గర ఆగి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. యులాలీ ఏడవలేదు. ఎందుకంటే, ఇంతమంది వెళ్ళినా బల్ల వేలెడంత కూడా తరగలేదు.

"చూడయ్యా, ఒక్క చోటు కూడా పోలేదు," అంది మొగుడు కాసిమీర్‌తో. "ఫుల్‌క్రాన్‌ది ఉంది. రొట్టెలామెది ఉంది. అందరూ ఇక్కడే మళ్ళీ తింటారన్నమాట."

కాసిమీర్ ద్రాక్షతోట మనిషి. తండ్రి నాటిన తీగల్ని గవర్నమెంటుకి అప్పజెప్పి వచ్చినప్పటి నుంచీ అతని నోట మంచి మాట రావడం లేదు. "నీళ్ళలో కూర్చుని తింటారా? చేపలకి వడ్డిస్తావా?"

"అది నాకు తెలీదు. బల్లకి తెలుసు."

"ఆనకట్ట బల్లని అడిగి కట్టడం లేదే పిచ్చిదానా! అందరూ వెళ్ళిపోయారు. ఈ కొంపలో మనిద్దరం ఏం చేస్తాం?"

"వంట చేస్తా. నువ్వు తింటావు."

"నేను తినను. నేను పోతున్నా. నువ్వు ఆ బల్లనే కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నావే?"

"అప్పుడు నీ నడుము సన్నగా ఉండేదిలే."

కాసిమీర్ నవ్వలేదు. బండిలో మంచమూ, తుపాకీ, రెండు పీపాలూ వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున యులాలీ బల్ల దగ్గరికి చాలాసేపు వెళ్ళలేకపోయింది. చివరికి కళ్ళు మూసుకుని వెళ్ళి, కాసిమీర్ ఎప్పుడూ కూర్చునే మూల మీద అరచెయ్యి ఆనించింది. చెక్క అక్కడే ఉంది. అప్పుడు కూర్చుని, ఎవరూ వినేవాళ్ళు లేరు కాబట్టి, గట్టిగా ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని ఉల్లిపాయలు తరిగింది.

ఇళ్ళు ఖాళీ చేయించే మనుషులు లారీతో వచ్చిన రోజు బల్ల ఇద్దరి మేర పెరిగింది. వాళ్ళొచ్చేసరికి బీన్స్ ఉడుకుతున్నాయి.

"మేం తినడానికి రాలేదమ్మా, సామాను ఎత్తడానికొచ్చాం," అన్నాడు వాళ్ళలో లావుపాటివాడు.

"తెలుసు నాయనా. చేతులు కడుక్కోండి."

"ఖాళీ చేయమని మీకు మూడుసార్లు చెప్పారట."

"చెప్పారు. నేనూ మూడుసార్లు విన్నాను. రొట్టె కొయ్యి."

తిన్నాక ఇద్దరూ బల్లని చెరో పక్కా పట్టుకుని ఎత్తి గుమ్మం దగ్గరికి మోసుకెళ్ళారు. నిలువుగా పట్టారు, అడ్డంగా పట్టారు, పక్కకి వాల్చారు. ఎటు తిప్పినా అది ద్వారంలో పట్టలేదు. లావుపాటివాడు చెమట తుడుచుకుని, "ఇది లోపలికి ఎలా వచ్చింది?" అన్నాడు.

"చిన్నగా ఉన్నప్పుడు వచ్చింది," అంది యులాలీ.

వాళ్ళు బల్లని ఉన్నచోటే దించి, ఇంకో గ్లాసు వైన్ తాగి, ఖాళీ లారీతో వెళ్ళిపోయారు.

ఆ తర్వాత వచ్చినవాడు వెర్దియే. రేపు ఆనకట్ట గేట్లు దించుతారనగా మిట్టమధ్యాహ్నం గుట్ట ఎక్కి నడుచుకుంటూ వచ్చాడు. ఊరు ఊరంతా తలుపులు లేని ఇళ్ళతో నోళ్ళు తెరుచుకుని ఉంది. ఒక్క పొగగొట్టంలోంచి మాత్రం పొగ వస్తోంది.

"అమ్మా, దయచేసి నాతో రండి. నన్ను పోలీసుల్ని పంపేలా చెయ్యకండి."

"నీ చోట్లో కూర్చో," అంది యులాలీ.

అతను ఆగిపోయాడు. ఈ ఇంట్లో నెలల తరబడి తిన్నవాడు. తను మేడమీది గదిలో ఉన్న రోజుల్లోనే ఆన్సెల్మ్ పోతే, ఆ పొద్దున బల్లని కళ్ళారా చూసినవాడు. నెమ్మదిగా జేబులోంచి ఉక్కు టేపు తీసి, బల్లని ఒక చివర నుంచి కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. తన చోటు దగ్గరికొచ్చి చేత్తో తడిమి చూశాడు.

"ఉంది," అన్నాడు.

"ఉండకేం? నీ లెక్క ప్రకారం నా కప్పు మీద నిలువెత్తు నీళ్ళు. నా బల్ల ప్రకారం నువ్వు మళ్ళీ ఇక్కడ భోంచేస్తావు. రెండింట్లో ఒకటి తప్పు. చదువుకున్నవాడివి, ఏది తప్పో నువ్వే చెప్పు."

వెర్దియే టేపు చుట్టి జేబులో పెట్టుకుని తన చోట్లో కూర్చున్నాడు.

"నిన్ను బతిమాలుతున్నానని అనుకోకు. నేను బతిమాలను. మా అత్త ఇక్కడే పోయింది, ఆమె అత్త ఇక్కడే పోయింది. వాగుకి నాతో పనుంటే గుమ్మందాకా రమ్మను, మాట్లాడుకుంటాం. మా ఉప్పు తిన్నవాడివి కాబట్టి నీకు తెలియాలని చెప్పాను. అంతే."

పళ్ళెం ముందు పెట్టింది. అతను తిన్నాడు. మాడు గీకకుండానే లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు గేట్లు దిగాయి. శరత్కాలపు వానలకి వాగు ఉబ్బి, వెనక్కి తిరిగి, లోయలోకి పాకింది. ఎర్రమట్టి కలిసి నీళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి. మొదట వంతెన పోయింది. పాప్లార్ చెట్లు మెడదాకా మునిగి నిలబడ్డాయి. కాసిమీర్ తండ్రి నాటిన దిగువ తోట ఒక్కో వరుసే మునిగిపోవడం యులాలీ కిటికీలోంచి చూసింది. మూడు నెలలు ఆమె మాట్లాడిన మనిషి లేడు. నీళ్ళు చాకిరేవు రాళ్ళు దాటి కింది వీధిలోకి వచ్చిన రోజున ఆమె కుర్చీ తీసుకెళ్ళి గడప మీద వేసుకుని, ఒళ్ళో బీన్స్ పళ్ళెం పెట్టుకుని, వీధికేసి చూస్తూ వలిచింది. గింజలు కింద పడుతూనే ఉన్నాయి. కుర్చీ మాత్రం వెనక్కి జరపలేదు.

ఆ పైన నీళ్ళు రాలేదు.

ఆనకట్ట దగ్గర జరిగింది ఆమెకి తర్వాత ఎప్పుడో తెలిసింది. నీళ్ళు సగం గుర్తుకి చేరగానే వెర్దియే గేట్లు ఎత్తించాడు. ఆనకట్ట ఆనుకుని ఉన్న ఎడమ పక్క కొండబండ నీళ్ళ బరువుని ఎలా తట్టుకుంటుందో ఏడాదిపాటు చూడనిదే బొట్టు కూడా ఎక్కువ నిలపనన్నాడు. బండకి ఏమీ కాలేదని పై అధికారులకీ తెలుసు, అతనికీ తెలుసు. నగరం నుంచి వచ్చి అరిచారు. "నేనుండగా గేట్లు దిగవు. దించాలనుంటే ముందు నన్ను తీసెయ్యండి," అన్నాడు. తీసేశారు. కొత్త ఇంజనీరుని వెతికి తెచ్చేసరికి మైదానంలో నాటిన పీచ్ మొక్కలు మంచుకి మాడిపోయి, జనం మళ్ళీ ద్రాక్షే వేసుకున్నారు. ఎక్కువ నీళ్ళు కావాలని అడిగినవాడు లేడు.

వసంతంలో కాసిమీర్ అరువు పడవలో వచ్చాడు. తెడ్డు వెయ్యడం రాక గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ కింది వీధికి చేరాడు. మోకాళ్ళదాకా తడిసి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఆ కొత్త ఇంట్లో వేడినీళ్ళు తప్ప ఏమీ లేవే," అన్నాడు.

"పాదాలు తుడుచుకుని రా."

ఊరు ఇప్పుడు ప్రభుత్వానిదని, ఎవరూ రాకూడదని రోడ్డుకి అడ్డంగా ఇనుప కమ్మీ పెట్టి, కాపలాగా ఒక పోలీసుని ఉంచారు. ఈస్టర్ ఆదివారం ఊరంతా ఆ కమ్మీ దగ్గరికొచ్చింది. రొట్టెలామె గంపతో, ముసలాళ్ళు కర్రలతో, ఆడవాళ్ళు చంకల్లో పిల్లలతో వచ్చారు.

"ఇది ప్రభుత్వ స్థలం," అన్నాడు పోలీసు.

"ఈ కమ్మీ నా కొలిమిలో చేసిందే. ఎక్కడ వంగుతుందో నాకు తెలుసు," అన్నాడు ఫుల్‌క్రాన్. వంచి పక్కన పెట్టాడు. అందరూ పోలీసుకి మర్యాదగా నమస్కారం పెట్టుకుంటూ ముందుకి సాగారు. ఆ మధ్యాహ్నం ఒక్క చోటు కూడా ఖాళీగా లేదు, ఇంజనీరుది తప్ప. పోలీసు గుమ్మంలో నిలబడి గొర్రెమాంసం తిన్నాడు. అతన్ని కూర్చోమని ఎవరూ అనలేదు.

ద్రాక్షకోతలు అయిపోయాక వెర్దియే పెట్టె మోసుకుంటూ కాలినడకన వచ్చాడు. బూట్లు అరిగిపోయి ఉన్నాయి, కోటుకి గుండీలు లేవు. ఆనకట్టలు కట్టే ఏ కంపెనీవాళ్ళూ అతనికి పని ఇవ్వలేదు.

"మేడమీది గది ఖాళీగా ఉందా అమ్మా?"

"ఉంది. ఎన్నాళ్ళకి?"

అతను నీళ్ళకేసి, గుట్టలకేసి చూశాడు. "తెలీదు."

"తెలీకపోతే ఫరవాలేదు. కానీ ఊరికే కూర్చుని తినడం కుదరదు. కాసిమీర్ పైగుట్ట మీద తీగలు కత్తిరిస్తున్నాడు, వెళ్ళి సాయం చెయ్యి."

వెర్దియే కత్తెర పట్టుకుని గుట్ట ఎక్కాడు. మొదటి తీగ దగ్గర గొంతుక్కూర్చుని, ఏ కణుపు దగ్గర కొయ్యాలో తెలియక అటూ ఇటూ తిప్పి చూశాడు. కాసిమీర్ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఓపిక పట్టాడు. ఆ తర్వాత పట్టలేక,

"పారే వాగునే ఆపినవాడివి, కొమ్మని చూసి భయపడతావేంటయ్యా? కొయ్యి!" అని అరిచాడు.

అతను కోశాడు. తప్పు చోట కోశాడు. ఆ తీగ ఆ తర్వాతి ఏడు ఎందుకో అన్నిటికన్నా ఎక్కువ కాసింది.