రెండో గదికి హెచ్‌డీ

డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే అన్నయ్య సాయంత్రం ఆరున్నరకి ఇంటికొచ్చి, చొక్కా గుండీలు విప్పుకుంటూ ముందుగదిలో టీవీ ఎదురుగా కూలబడతాడు. కూలబడ్డాక కూడా ఆయన కుడికాలు ఊరుకోదు. పొద్దుటినుంచీ నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో కూర్చుని బ్రేకు నొక్కీ నొక్కీ అలవాటైపోయింది. తెరమీద ఎవరైనా పరుగెత్తినా, కారు మలుపు తిరిగినా, ఆఖరికి వార్తలు చదివే ఆవిడ గొంతు కాస్త పెంచినా సరే, కాలితో నేలని అదుముతూనే ఉంటాడు. ఆ చోట గచ్చు అరిగి చిన్న గుంట పడింది. ఇల్లు తుడిచినప్పుడల్లా అందులో నీళ్ళు నిలుస్తున్నాయని వదిన సణుగుతుంది.

వదినది బస్సుల ఆఫీసులో ఫోన్ల దగ్గర ఉద్యోగం. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో రోజంతా జనానికి చెప్పి చెప్పి, బొంగురుపోయిన గొంతుతో ఇంటికొస్తుంది. ఆ ఇంట్లో మూడో మనిషి అన్నయ్య చెల్లెలు. ముప్పయ్యారేళ్ళు నిండినా ఇంట్లో ఆమె ఇంకా చిన్నీయే. కళ్ళద్దాల షాపులో, వెనకవైపు గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆమె కంటికి దొరికిపోతుంది.

ఈమధ్య చిన్ని ఉన్నచోట ఉండటం లేదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే నడుస్తుంది, తాగుతున్న టీ గ్లాసు ఎక్కడ పెట్టిందో మరిచిపోయి ఇల్లంతా వెతుకుతుంది. కారణం అందరికీ తెలుసు. ఓడరేవున్న ఊళ్ళో పెద్ద కంటాసుపత్రి నుంచి ఆమెకో ఉత్తరం వచ్చింది. అక్కడి అద్దాల విభాగమంతా ఆమె చేతిలో పెడతారట. కింద ఆరుగురు పనిచేస్తారట. వచ్చేదీ రానిదీ నెలాఖరు శుక్రవారం సాయంత్రం ఐదులోపు ఫోన్‌చేసి చెప్పాలి. చెప్పకపోతే ఇంకొకరిని చూసుకుంటారు.

ఉత్తరం వచ్చిన మర్నాడే చిన్ని ఉండే రెండో గది కదలడం మొదలుపెట్టింది.

ఆ గది ఇంటికి వెనకవైపు, తర్వాత కట్టించినది. మొదటిరోజు ఇంటిగోడకీ దాని గోడకీ మధ్య వేలెడు సందు వచ్చింది. నాలుగోరోజుకి జానెడైంది. గది పెరటి మీదుగా వెనక సందువైపు, అక్కణ్ణుంచి పెద్దరోడ్డువైపు మొహం పెట్టుకుని పోతోంది. పెరటికి వెనకవైపు ప్రహరీ లేదు గనక అడ్డేమీ లేదు. వదిన ఆ సందు మీద ఒక చెక్క పరిచి, పైన పాత దుప్పటి వేసింది. వాన పడితే గోడలు తడుస్తాయే అన్నది ఒక్కటే ఆమె బెంగ. పక్కింటాయన గోడ మీదనుంచి చూసి, "మీ గది కదిలినట్టుందే," అన్నాడు. "అవునండీ, ఈ వారం కాస్త ఎక్కువగానే ఉంది," అంది వదిన. కరెంటాయన వచ్చి తీగ పది బారలు వదులుచేసి వెళ్ళిపోయాడు.

అన్నయ్య మాత్రం బాగా ఆలోచించాడు. ఆలోచించి ఒక ఆదివారం పొద్దున్న ప్రకటించాడు.

"రెండో గదికి టీవీ పెట్టిస్తున్నా. మామూలుది కాదు, హెచ్‌డీ."

"ఇప్పుడు దానికి టీవీ కావాలని ఎవరన్నారు?" అంది వదిన.

"ఎవరో అనాలా? ఆ నాలుగు గోడల మధ్య కూర్చుంటే ఏం తోస్తుంది దానికి? మనసు ఊళ్ళు పట్టుకుని తిరక్క ఏం చేస్తుంది? ఎదురుగా బొమ్మ ఆడుతుంటే అదే నిలబడుతుంది."

"మనసా, గదా?"

"రెండూను. పెంచినవాణ్ణి, నాకు తెలీదా?"

పెంచిన మాట నిజమే. అమ్మానాన్నలు పోయేనాటికి చిన్ని మూడో తరగతి. జడలు వేయడం దగ్గర్నుంచి అన్నీ ఆయనే నేర్చుకున్నాడు. అదెక్కడికైనా వెళ్ళిపోతుందన్న ఊహే ఆయనకి పడదు. ఆ సంగతి నోరు తెరిచి చెప్పుకోవడం చేతకాక టీవీ కొన్నాడు.

డిష్షులు బిగించే ఆయన్ని అందరూ గొడుగాయన అంటారు. పెద్ద డిష్షు భుజాన వేసుకుని సైకిలు మీద వస్తుంటే గొడుగు పట్టుకొచ్చినట్టే ఉంటాడు. డాబా ఎక్కి పాత డిష్షు విప్పి, రెండు గదులకీ పనిచేసే కొత్తది బిగించాడు. ఆ తర్వాత గంటసేపు వీధి వీధంతా అన్నయ్య కేకలే.

"వచ్చింది! వచ్చింది! అయ్యో, పోయింది. కొంచెం ఎడమకి. నీ ఎడమ కాదయ్యా, నా ఎడమ!"

బొమ్మ కుదిరాక గొడుగాయన కిందికి దిగి, చెక్క దాటి రెండో గదిలోకి వెళ్ళాడు. చెక్క కింది సందుని ఒకసారి వంగి చూశాడు.

"రోజుకి ఎంత పోతోందమ్మా?"

"నిన్న జానెడు," అంది చిన్ని. అదేదో తన తప్పైనట్టు తలవంచుకుంది.

"అయితే అయిదు మూరల కేబులు చుట్టచుట్టి గోడకి వేలాడదీస్తాను. అది అయిపోయాక మాత్రం మధ్యలో అతుకు వెయ్యమనకండి. అతుకు పడితే హెచ్‌డీ బొమ్మ నిలవదు. వేస్తే ఒకే తీగ వేయాలి."

కనెక్షన్ కాగితం మీద సంతకం కావాలన్నాడు. పాత డిష్షు పక్కకి లాగిన అన్నయ్య చేతులనిండా గ్రీజు. వదిన పెట్టింది.

బొమ్మ నిజంగానే అద్భుతంగా వచ్చింది. అన్నయ్య ముందుగదిలోంచి పరుగున వచ్చి చూసి, మళ్ళీ అక్కడికి పరుగెత్తి పోల్చుకుని, "నీకే బాగొస్తోందే!" అని కుళ్ళుకున్నాడు. చిన్ని కాసేపు చూసింది. వార్తలావిడ కాలరు మీద ఊడిన కుట్టొకటి కనిపించింది. నవ్వే హీరో కళ్ళజోడు ఎడమవైపు ఒంగి ఉంది, ముక్కు దగ్గర బిగించినవాడెవడో పని రానివాడు. ఛానెలు మార్చింది. మళ్ళీ మార్చింది. మూడొందల ఛానెళ్ళు ఉన్నాయని చెప్పారు, ఆ మూడొందలూ గంటలో చుట్టేసి మొదటికొచ్చి, రిమోటు మంచం మీద పడేసి కిటికీ దగ్గర నిలబడింది. ఆ సాయంత్రం గది జానెడున్నర జరిగింది.

గోడకి వేలాడిన చుట్ట రోజురోజుకీ విడిపోయింది. చూస్తూ చూస్తుండగానే కేబులు డాబా నుంచి రెండో గదిదాకా బిర్రుగా లాగిపెట్టినట్టైంది. వదిన పొదుపరి, దానిమీద తువాళ్ళు ఆరేసింది. చెక్క సరిపోక నాలుగు ఇటుకలు పేర్చి మెట్లు చేసుకున్నారు. మరుసటి వారం మంగళవారం సాయంత్రం అన్నయ్య మంచి మ్యాచ్ చూస్తుండగా ముందుగదిలో బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి ఆగిపోయింది. డాబా ఎక్కి చూస్తే ఏముంది? రెండో గది కేబుల్ని లాగీలాగీ డిష్షు మెడ వంచేసింది.

బుధవారం గొడుగాయన మళ్ళీ వచ్చాడు. డిష్షు సరిచేసి, "ఇంకో యాభై బారల కొత్త తీగ వేయమంటే వేస్తాను సార్. కానీ గది ఆగే రకంలా లేదు," అన్నాడు.

"ఆగకపోవడమేంటి? ఈ తీగనే స్తంభానికి చుట్టి బిగించండి. ఎలా పోతుందో చూద్దాం."

"ఇది సిగ్నలు మోసే తీగ సార్, పశువుని కట్టే తాడు కాదు. నేను బిగించను."

"మీరు బిగించకపోతే నాకు చేతుల్లేవా?"

ఆయన వెళ్ళగానే అన్నయ్య సుత్తి తీశాడు. కేబుల్ని వెనక వసారా స్తంభానికి మూడు చుట్లు, గది కిటికీ ఊచకి మూడు చుట్లు వేసి, రెండుచోట్లా ఇనుప క్లాంపులు కొట్టాడు. తర్వాత చెల్లెలి గదిలో కుర్చీ వేసుకుని, కుడికాలు నేలకి గట్టిగా అదిమిపట్టి కూర్చున్నాడు.

గది ఆగింది.

"చూశావా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ. రెండు గదుల్లోనూ బొమ్మ అద్దంలా ఉంది.

ఆగిందేగానీ కుదురుగా లేదు. గోడలు సన్నగా వణుకుతూనే ఉన్నాయి. అలమారలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. చిన్ని మంచం మీద పడుకుంటే ఆ వణుకు వీపులోకి పాకుతోంది. మర్నాడు షాపులో రెండు అద్దాలు పగలగొట్టింది. పదిహేనేళ్ళలో ఒక్కటీ పగలగొట్టని మనిషి.

గురువారం సాయంత్రం అన్నయ్య టీ పట్టుకుని ఆమె గదికి వచ్చాడు.

"చిన్నీ, అక్కడెవరున్నారే నీకు?"

"ఎవరూ లేరు అన్నయ్యా."

"మరి?"

"పనుంది. నాకొచ్చిన పని. ఇక్కడైతే ఇంకో ఇరవై ఏళ్ళు ఆ షాపు వెనకగదిలోనే ఉంటాను. అక్కడైతే నేర్పుతాను, కొత్తవి చేస్తాను. నేను బాగా చేస్తాను అన్నయ్యా. నాకు తెలుసు."

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. ఎత్తాడు. మళ్ళీ పెట్టాడు.

"నువ్వెళ్తే నాకు భయమే," అన్నాడు చివరికి. "నీకేమైనా అవుతుందని కాదు. సాయంత్రం ఇంటికొచ్చి, నువ్వు లేకపోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదు."

ఆయన నోటివెంట అంత మాట రావడం చిన్ని ఎప్పుడూ వినలేదు. ఆమెకి ఏడుపొచ్చింది. "సరేలే. రానని చెప్పేస్తా," అంది. అన్నయ్య తల ఊపి, చెయ్యి అందించబోయి, ఏం చెయ్యాలో తోచక టీవీ పెట్టి వెళ్ళాడు. గ్లాసుల గలగల మాత్రం ఆగలేదు. వసారాలో ఆరిన బట్టలు మడతపెడుతున్న వదిన అంతా వింది.

శుక్రవారం చిన్ని షాపుకి సెలవు పెట్టింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నం నుంచీ కూర్చుంది. రానండీ అన్న ఒక్క ముక్క చెప్పడానికి అయిదుసార్లు నంబరు నొక్కి అయిదుసార్లూ ఆపేసింది. నాలుగు దాటాక గేటు చప్పుడైంది. ఎన్నడూ లేంది వదిన పెందరాళే వచ్చింది. వెనకే గొడుగాయన.

"రెండో గది కనెక్షన్ తీసెయ్యండి," అంది వదిన.

గొడుగాయన క్లాంపుల వంక, ఆవిడ వంక చూశాడు. "సార్ ఒప్పుకున్నారా అమ్మా?"

"కనెక్షన్ ఎవరి పేరు మీదుంది?"

ఆయన సంచిలోంచి కాగితం తీసి చూసుకున్నాడు. "మీ పేరు మీదేనమ్మా."

"మరింకేం."

క్లాంపులు ఊడదీయడానికి పావుగంట పట్టింది. కేబులు చివర మర విప్పగానే గదిలో బొమ్మ పోయి, తెర నీలంగా మిగిలింది. చిన్ని కిటికీలోంచి తొంగిచూసింది.

"వదినా, బొమ్మ పోయింది."

"నేనే తీయించాను."

"అన్నయ్య ఊరుకోడు!"

"ఊరుకోడు. కొన్నాళ్ళు నాతో మాట్లాడడు. ఆ తర్వాత ఊరు చూసొస్తానన్న వంకతో నీ దగ్గరికొచ్చి, వారం రోజులు నీ టీవీ ముందే కూర్చుంటాడు. ఆయన సంగతి నాకొదిలెయ్."

"నేను వెళ్తే నీకు బావుంటుందా?"

"ఏం బావుంటుంది?" అంది వదిన. ఆవిడ గొంతు మామూలుకంటే బొంగురుగా ఉంది. "ఆయన మ్యాచ్‌లు భరించడం నా ఒక్కదానివల్ల అవుతుందా? నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళుండరు. అయినా సరే. వెళ్తావో ఉంటావో నీ ఇష్టం, గది నీది. ఉంటే నేను సంతోషంగా ఆ ఇటుకలు తీసేయించి సందు పూడ్పిస్తాను. కానీ తీగ కట్టినందుకు ఆగిపోయానని నువ్వు ఎప్పటికైనా అంటే నేను తట్టుకోలేను చిన్నీ."

గొడుగాయన కేబులు చుట్టుకుంటూ ఇటు వినబడనట్టు నటించాడు.

విచిత్రమేమిటంటే గది కదల్లేదు. వణుకు కూడా ఆగిపోయింది. గ్లాసులు నోరు మూసుకున్నాయి. తానే తొందరపడ్డానేమో, ఈ పిల్లకి నిజంగా ఉండాలనే ఉందేమో అని వదిన ఒక్క క్షణం బెంబేలెత్తింది. చిన్ని గది మధ్యలో నిలబడి గోడల్ని చూసింది. లాగేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళు లేరు. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆమె కాళ్ళు ఒకచోట నిలిచాయి. ఐదుకి ఇంకా ఏడు నిమిషాలుంది. ఆరోసారి నంబరు నొక్కింది. ఈసారి ఆపలేదు.

అవతల ఎవరో కాగితాలు తిరగేస్తూ ఫోను తీశారు. "ఆఁ, మీరేనా! ఇందాకటినుంచీ చూస్తున్నాం. అద్దాల విభాగానికి కదూ? ఏం రాసుకోమంటారు? వస్తున్నారా, లేదా?"

చిన్ని నోరు తెరిచింది. కాళ్ళ కింద నేల మెత్తగా, ఎంతోసేపు ఊపిరి బిగపట్టినవాళ్ళు వదిలినట్టు, ముందుకు సాగింది. ఇటుకల మెట్లు ఒక్కొక్కటే విడిపోయి పడ్డాయి. కిటికీలోంచి కనిపిస్తున్న వదిన ఒకడుగు వెనకబడింది. ఆవిడ పమిటతో ముక్కు తుడుచుకుని, పోయే గది పక్కనే సందు మలుపుదాకా గబగబా నడిచి, ఇక అందుకోలేక ఆగింది.

"హలో? వింటున్నారా? వస్తున్నారా అండీ?"

"బయల్దేరానండీ," అంది చిన్ని.