కవరు ఊడని బోర్డు

పెద్దేముల్ దగ్గరి ఆ బడికి డిజిటల్ బోర్డు వచ్చి ఏడాది దాటినా, దాని మీది ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడలేదు. లెక్కల టీచరు మార్తకు ఆ కవరు కనబడితేనే ఒళ్లు మండేది.

"జర దీని మీద పాఠం చెప్పనియ్యండి సార్" అని ఆమె అడిగినప్పుడల్లా హెడ్‌మాస్టర్ మహిధర్‌ది ఒకటే మాట. "పిల్లలు ఖరాబ్ చేస్తే జవాబు ఎవరు చెప్పాలె మేడం? పైకి ఫోటో పోతే చాలు."

ఫోటోలకేం లోటు లేదు. సోమవారం పొద్దున్నే బోర్డు వెలిగించి, పిల్లల చోట్లు మార్చి మార్చి కూర్చోబెట్టి, వారానికి సరిపడా ఆరు ఫోటోలు ఒక్క గంటలో తీసేవారు. యూనిఫాం ఒకటే కదా, ఏ ఫోటో అయినా ఏ రోజుకైనా సరిపోయేది. తీసేది మార్తే. ఛీ, ఇదీ ఒక ఉద్యోగమేనా అనుకుంటూనే తీసేది.

ఆ ఫోటోలు చూసి బడికి 'ఆదర్శ డిజిటల్ బడి' అని పేరిచ్చారు. మహిధర్‌కు శాలువా కప్పడానికి వికారాబాద్ నుంచి వచ్చిన అధికారి, ముందు వరుసలోని దీక్షితను అడిగాడు.

"ఈ బోర్డుతోని ఏం నేర్చుకున్నవ్ బిడ్డా?"

"కదలకుండ కూసునుడు సార్."

అమ్మయ్య, బండారం బయటపడింది అనుకుంది మార్త. అధికారి మాత్రం పకపకా నవ్వి, మహిధర్ భుజం తట్టాడు.

"వాహ్, ఏం క్రమశిక్షణ! ఒక ఫోటో తియ్యండి మేడం."

మార్త చేయి అలవాటుగా ఫోన్ పైకెత్తింది. ఎవరూ చెప్పకముందే పిల్లలంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.