వీడ్కోలు ప్రసంగానికి చోటు

ఆ ఇంటి కోడలు ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ఒక వంటింటి ప్లాను పూర్తిచేసి సేవ్ నొక్కితే, డిస్కులో చోటు లేదని కంప్యూటర్ మొరాయించింది. ఐదింటికల్లా అది బిల్డర్‌కి చేరాలి. పాత ప్లాన్లు నాలుగు తీసేసింది. అవి చెత్తబుట్ట ఫోల్డర్లోకి వెళ్ళి కూర్చున్నాయే తప్ప చోటు ఇవ్వలేదు. బుట్ట కూడా ఖాళీ చేసింది. ఆ కాస్త చోటు ఏ మూలకూ సరిపోలేదు.

"మీ లిఫ్టు వీడియోలతోనే ఇది నిండిపోయింది" అంది భర్తతో.

అతను లిఫ్టు మెకానిక్. సెలవు కాబట్టి సోఫాలో నడుం వాల్చి ఉన్నాడు.

"నావి మొత్తం కలిపి పదకొండు. నీ ప్లాన్ల సంగతి చూసుకో."

ఇద్దరూ పంతానికి పోయి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. సెట్టింగుల్లో స్టోరేజి తెరిస్తే పట్టీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎర్రగా ఉంది. అందులో ముప్పాతిక వంతు వీడియోలే. అతని పదకొండూ పోగా మిగతా వీడియోలన్నీ ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. దాని పేరు 'గ్యాస్ రసీదులు'.

"మనం గ్యాస్ వాడుతున్నామా, తాగుతున్నామా?" అంటూ అతను మొదటి ఫైలు తెరిచాడు.

తెర మీద మామగారు ప్రత్యక్షమయ్యారు. కోటు, టై, నున్నగా దువ్విన తల. గొంతు సవరించుకుని, "గౌరవనీయులైన సహోద్యోగులారా" అన్నారు.

ఆయన రైల్వే స్టేషన్లో ముప్పై ఒక్క ఏళ్ళు రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పారు. కిటికీ లేని చిన్న గది, ఒక మైకు, ఒక ఫ్యాను. ఆయన గొంతు తెలియని ప్రయాణికుడు లేడు, ఆయన ముఖం తెలిసినవాడూ లేడు. రిటైరైన రోజున అరవై ముఖాలు ఎదురుగా కనబడేసరికి ఆయన నోరు పెగల్లేదు. "దయచేసి వినండి" అని కూర్చుండిపోయారు. ఆయన చమత్కరించారనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. అది జరిగి మూడేళ్ళయింది. ఇంట్లో ఎవరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఫైళ్ళు లెక్కపెడితే నూట నలభై ఏడు తేలాయి. ఒకదాంట్లో అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంకోదాంట్లో, ఫ్యాను బాగుచేయించమని తొమ్మిదేళ్ళు అడిగినా పట్టించుకోని పై అధికారికి చీవాట్లు. మరోదాంట్లో రెండో వాక్యానికే దగ్గు వచ్చింది, చివరిదాకా దగ్గే.

అన్నిటికన్నా పెద్ద ఫైలులో ఖాళీ కుర్చీ తప్ప ఏమీ లేదు. రికార్డింగు ఆపడం మరిచి ఆయన లేచిపోయినట్టున్నారు. రెండు గంటల నలభై నిమిషాల కుర్చీ. ఆ వీడియో మధ్యలో, పక్కగది నుంచి భర్త అన్న మాట కూడా రికార్డయి వినిపించింది: "నాన్న కాస్త మెల్లగా మాట్లాడితే ఈ ఇల్లు రెండింతలు పెద్దదవుతుంది."

వెంటనే కోడలి గొంతు: "ఆయన ఆపితే మీరు మొదలుపెడతారు. ఆ బాధ నేను పడలేను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ముందు దీన్ని తీసెయ్" అన్నాడతను.

ఆ ఒక్కటీ బుట్టలోంచి కూడా పోయేసరికి బోలెడు చోటు వచ్చింది. ప్లాను సేవ్ అయింది. బిల్డర్‌కీ వెళ్ళింది.

అప్పుడే మామగారు కూరగాయల సంచితో లోపలికి వచ్చారు. తెర మీద తన ముఖం చూసి సంచి నెమ్మదిగా కింద పెట్టారు.

"అన్నీ తీసెయ్యమ్మా. దాచుకోవలసినవేం కావు."

"ఇన్నిసార్లు ఎందుకు మామయ్యా?"

"ఒక్కటీ కుదరలేదు."

ఆ మాటకి భర్త లేచి చొక్కా తొడుక్కున్నాడు. "కొత్త డిస్కు పట్టుకొస్తా. పాతవేవీ తీయకండి."

తెచ్చాడు. కంప్యూటర్ ఆపి, మూత విప్పి, లిఫ్టు బిగించినంత బలంగా డిస్కు బిగించాడు. ఆన్ చేస్తే కొత్త డిస్కు జాడే లేదు.

"షాపువాడు ఖాళీ డబ్బా అంటగట్టాడు" అంటూ మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"ఆగండి. కొత్తదాన్ని ముందు మనమే సిద్ధం చెయ్యాలట" అంటూ కోడలు ఫోన్లో చదివి, డిస్కుల పట్టిక తెరిచింది. మామగారు వెనక నిలబడి, తెర మీద వచ్చిన ప్రతి మాటనూ స్టేషన్ గొంతుతో చదివి వినిపించారు: "రెండవ డిస్కు సిద్ధముగా లేదు. ఫార్మాట్ చేయవలసి ఉన్నది." ఆ గొంతుకి కొడుకు, బండి వస్తోందన్నట్టు, తెలియకుండానే గోడవారకు జరిగి నిలబడ్డాడు.

ఫైళ్ళు కొత్త డిస్కులోకి కదలడం మొదలైంది. రెండు గంటలు పడుతుందని చూపింది. కాసేపటికి నలభై నిమిషాలంది. ఆ వెంటనే మూడు గంటలంది.

"ఇది మా స్టేషన్లో పనిచేసి ఉంటే జనం చితకబాదేవాళ్ళు" అన్నారు మామగారు.

ఎర్రపట్టీ నీలంగా మారాక, కోడలు ఉన్నవాటిలో బాగున్న ప్రసంగం ఒకటి ఎంచి, ఆయన పాత స్నేహితుడైన టికెట్ గుమాస్తాకి పంపింది. మర్నాడు పొద్దున్నే ఆ గుమాస్తా మామగారికి ఫోన్ చేశాడు.

"ప్రసంగం బాగుందిరా. కానీ నేను పద్దెనిమిదేళ్ళు పనిచేశానన్నావు. ఇరవై రెండేళ్ళు. సరిచేస్తేనే మిగతావాళ్ళకి చూపిస్తా."

మళ్ళీ కోటు, టై. వీడియో మరీ పెద్దది కాకుండా కోడలు కెమెరా సెట్టింగు తగ్గించి, పక్కనే కూర్చుంది. ఆయన గొంతు సవరించుకున్నారు. ఆమె వైపు చూశారు. మళ్ళీ సవరించుకున్నారు. మాట రాలేదు.

ఆమెకు అర్థమైంది. కుర్చీ తిప్పి గోడకేసి కూర్చుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని గీతలు గీయసాగింది. కాసేపటికి వెనక నుంచి గొంతు లేచింది. నిండుగా, తడబాటు లేకుండా. ఫ్యాను, గది, గుమాస్తా ఇరవై రెండేళ్ళు, అన్నీ వరసగా వచ్చాయి. ఆ తర్వాత ఆ నూట నలభై ఏడింట్లో ఆమె చూసినవాటిలో ఎక్కడా లేని మాట ఒకటి వచ్చింది. ఆఖరి బండి బయలుదేరుతోందన్న ప్రకటన ఆయన ఎప్పుడూ ఒక నిమిషం ఆలస్యంగా చెప్పేవారట. అది చెప్పందే గార్డు జెండా ఊపడు కాబట్టి, మెట్ల మీద పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఎక్కుతారని.

ఆమె గీయడం ఆపింది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"అలా చెయ్యొచ్చా మామయ్యా?"

"చెయ్యకూడదు. మధ్యలో మాట్లాడకమ్మా, మళ్ళీ మొదట్నించీ చెప్పాలి" అని ఆయన మళ్ళీ మొదలుపెట్టారు.