కడిగి ఆరేసిన రిజిస్టరు

హుద్‌హుద్ తుఫాను ఆదివారం వచ్చింది. ఆ రోజే మా బడి కప్పు పోయింది. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, యాభై ఎనిమిదేళ్ల బడి. చెట్లు పడి దారులు మూసుకుపోవడంతో చీపురుపల్లి నుంచి ఆ సముద్రపు ఒడ్డు పల్లెకు నేను బుధవారం గాని చేరలేకపోయాను.

గోడలు నిలిచాయి. రిజిస్టర్లు దాచే ఇనపపెట్టె మూత తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు.

"ఇటు రండి మేస్టారూ!" అని ఒడ్డు నుంచి గున్నమ్మ కేకేసింది. ఎండుచేపలు అమ్మే మనిషి, అరవైకి దగ్గర పడింది. చేపలు ఎండబెట్టే వలల మీద అడ్మిషను రిజిస్టరు కాగితాలు వరసగా పరిచి ఉన్నాయి. గాలికి లేవకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి.

"ఒక్క కాయితం పోనీనేదు. బురద అట్టలు కట్టేసినాది. ఇప్పదీసి, సముద్రంలో సుబ్బరంగా కడిగి ఆరేసినాం. రోజుకి నాలుగుమాట్లు తిప్పుతన్నాం."

"ఉప్పు కూడా రాసినావేటే?" అన్నాడు, పక్కన చిరిగిన వల బాగుచేసుకుంటున్న ఆమె బావ కూర్మయ్య.

"నోరు ముయ్యి బావా! నీ పడవ కొట్టుకుపోతంటే నాను లెగనేదు. దీనికి నడుంలోతు నీటిలో దిగినాను."

వంగి చూశాను. బాల్‌పెన్నుతో రాసిన ఈమధ్యవి నిలిచాయి. ఇంకుతో రాసిన పాతవి, 1956 నుంచి మూడు వందల నలభై పేర్లు, లేత నీలం మరకలయ్యాయి.

"నా పేరు ఏ కాయితంలో ఉన్నాది? సూపించండి. ఎనిమిది రోజులే సదివినాను గానీ, పేరు ఉన్నాదని టీచరమ్మ సెప్పినాది."

టీచరమ్మ అంటే నా భార్య అనూరాధ. నాకు ముందు ఆ బడి ఆమెదే. ఆమె పోయి పద్నాలుగు నెలలు.

గున్నమ్మకు చదువు రాదు. ఏ కాగితం చూపించినా నమ్మేది.

"ఇంకు కరిగిపోయింది గున్నమ్మా. పేరు లేదు."

ఆమె ఒక కాగితం తిప్పబోయి ఆగింది. "మేం కడిగినందుకేనా?"

పక్కకు జరిగిన రాయిని నేను మళ్లీ కాగితం మీదికి జరిపాను.

"మరి టీచరమ్మ ఇంకో పుస్తకంలో దింపుకునీది కదా? ఇల్లిల్లూ తిరిగి, ఆడేటయ్యాడు, అదేటయిందని అడిగి రాసీది. అందులో ఉంటాది."

ఆ పుస్తకం మా ఇంట్లో బీరువాలో ఉంది. అరవై ఒకటో పేరు దగ్గర ఆగిందని ఆమే చెప్పింది. మిగతావి నేను ఎక్కిస్తానని ఆసుపత్రిలో ఆమెకు మాటిచ్చాను. రిజిస్టరు రోజూ నా చేతికి అందేది. ఆమె దస్తూరి చూడలేక పుస్తకం మాత్రం ఒక్కసారీ తెరవలేదు.

"తప్పు మీది కాదు. అందులోకి ఎక్కించవలసింది నేను. ఎక్కించలేదు" అన్నాను.

కూర్మయ్య తల వంచుకుని వల అల్లుకున్నాడు.

మరుసటి ఆదివారం పుస్తకం తీసుకెళ్లాను. గున్నమ్మ పేరు అరవై రెండో వరసలో రాశాను. చేరిన తేదీ అడిగితే, "వానలప్పుడు. మా సెల్లి నా సంకనున్నాది" అంది. అదే రాశాను. కూర్మయ్య తన ఈడువాళ్లవి పదకొండు చెప్పాడు. అందులో ఇద్దరు అసలు బడికే రాలేదని గున్నమ్మ దెబ్బలాడింది. వేటకని దూరపు రేవులకు వలసపోయిన కుటుంబాలు, సముద్రంలో పోయినవాళ్లు ఎవరికీ సరిగ్గా గుర్తులేరు.

ఇది 2017, తుఫాను వచ్చి మూడేళ్లు. పుస్తకంలో నూట నలభై మూడు పేర్లు ఉన్నాయి. నూట తొంభై ఏడు ఇంకా రాయలేదు.