కోరాలీ కాళ్ళు

"ఇంకా పైకెత్తవే, మోకాలు కనపడాలి," అన్నాడు సైలస్ పెళ్ళాంతో.

డోర్కస్ వంటింటి బల్లమీద ఒంటికాలిమీద నిలబడి, లంగా అంచు ఇంకాస్త పైకి లాక్కుంది. సగం తొక్క తీసిన దుంపలు కింద గిన్నెలో నల్లబడుతున్నాయి. బయట ఫిబ్రవరి మంచు. నాట్యకత్తెను గీయాలంటే ఎవరివో కాళ్ళు ఎదురుగా ఉండాలి. బయటి ఆడదాన్ని పిలుచుకురావడం పరువు తక్కువ. "ఇంట్లో ఒకత్తి ఊరికే పడి ఉండగా ఎవరో ఎందుకు?" అన్నాడు. ఊరికే పడి ఉండటమంటే తెల్లారకముందే పొయ్యి రాజెయ్యడం, అత్తగారి ఉచ్చకుండ పారబొయ్యడం, ఆరుగురికి వండి వార్చడం, ఆపైన మేడమీద గదిలో చీకటిపడేదాకా మొగుడు అచ్చేసిన బొమ్మలకు రంగులద్దడం.

ఆ నెలలో బిషప్పుగారొకరు పార్లమెంటులో లేచి, ఫ్రెంచివాళ్ళు మనల్ని యుద్ధంలో గెలవలేక మన నీతిని చెడగొట్టడానికి అరకొర బట్టల నర్తకులను పంపుతున్నారని వాపోయారు. అంతే, లండన్ మొత్తానికి నర్తకుల పల్చటి బట్టలు చూడాలనిపించింది. బొమ్మల కొట్లవాళ్ళకు అంతకంటే పండగేముంది?

సైలస్ బొమ్మలో మొహం కోరాలీ అనే ఫ్రెంచి నర్తకిది. ఒంటిమీద బట్ట ఉందంటే ఉంది, లేదంటే లేదు. దాని కిందనుంచి ఎత్తిన కాళ్ళు మాత్రం డోర్కస్‌వి. నలుగురు బిడ్డల్ని మోసి ఉబ్బిన నరాలు, మోకాలిమీద గంజి పడి కాలిన మచ్చ, ఒక్కటీ వదల్లేదు మహానుభావుడు. రాగిరేకు మీద చెక్కింది కాగితంమీద తిరగబడుతుంది కాబట్టి ఎడమ మోకాలి మచ్చ కుడికి వచ్చింది. అద్దంలో తనని తాను చూసుకున్నట్టే ఉంది ఆమెకు.

రంగుల గదిలో ఐదుగురు ఆడవాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక్కటే రంగు. కాగితం చేతులు మారుతూ పోతుంది. ఒంటిరంగు డోర్కస్‌ది.

"ఈ దూలాలేసుకుని ఎగిరితే స్టేజీ ఉంటుందా కూలుతుందా?" అంది నీలంరంగు వేసే ట్యాబీ.

"బర్రెకి గౌను తొడిగినట్టు లేదూ?" అంది ఇంకొకామె.

డోర్కస్ కూడా నవ్వింది. నవ్వకపోతే ఎందుకని అడుగుతారు. రోజుకి రెండు వందల సార్లు తన తొడలకు తనే రంగు వేసుకుంటూ నవ్వింది. కొట్టు కిటికీలో వేలాడుతున్న బొమ్మ ముందు జనం తోసుకుంటూ నవ్వుతున్నది మేడమీదికి వినపడేది. "నా కొడుకు కళ్ళల్లో పడ్డాయి, నీ కాళ్ళు చేసుకున్న పుణ్యం," అంది అత్తగారు.

మూడోవారం పట్టపగలు కోరాలీ కొట్టుకి వచ్చింది. సన్నగా, పాలిపోయి, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ఆరిన బొమ్మలు తెచ్చిన డోర్కస్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"తిట్టుకోండయ్యా, వద్దనను," అంది కోరాలీ. "కానీ స్టేజీమీద నేను కాలెత్తకముందే జనం మోకాలు చూపించమని అరుస్తున్నారు. మా మేనేజరు తీసేస్తానంటున్నాడు. ఈ కాళ్ళు నావి కావని ఒక్క ముక్క చెప్పండి." కొట్టునిండా మగవాళ్ళుండగానే మోకాలిదాకా గౌను ఎత్తింది. "అందరూ చూసేశామనుకుంటున్నారుగా, ఇంక దాచేదేముంది? ఎక్కడుంది మచ్చ?"

సైలస్ నవ్వాడు. "అది ఊహ తల్లీ. కావాలంటే మా ఇంటిదాన్నడుగు, అబద్ధం ఎరగదు. ఏమే, ఎవరి కాళ్ళో నీకేమైనా తెలుసా?"

అందరూ ఆమెవైపు తిరిగారు. మొగుడి భయం ఉంది, నిజమే. కానీ భయమొక్కటే అయితే ఆమె తర్వాత అంత నలిగిపోయేది కాదు. ఆ నున్నటి మోకాలు చూడగానే కుళ్ళు పుట్టింది. ఈ వికారపు కాళ్ళు నీవేననుకోనీ జనం, నాకేం పోయింది, అనిపించింది.

"నాకు తెలీదండీ," అంది.

కోరాలీ గౌను దించుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయింది. పదిరోజులకు ఆ పిల్లని థియేటరువాళ్ళు పంపించేశారని ట్యాబీ చెప్పింది. చెప్పి, కుంచె నోట్లో పెట్టి మొన తేల్చుకుని పనిలో పడింది. డోర్కస్ తనని తను అసహ్యించుకుంది. అది మొగుడిమీది అసహ్యం కంటే బరువుగా ఉంది.

ఏప్రిల్‌లో సైలస్ మళ్ళీ బల్ల ఖాళీ చేయించాడు. థియేటరుకి ఇంకో నర్తకి వచ్చింది, కోరాలీకంటే చిన్నది. "ఈసారి వీపు కావాలి, జాకెట్టు విప్పు."

డోర్కస్ బల్లెక్కింది. జాకెట్టు ముడి విప్పలేదు.

"వీపు నాదైతే మొహమూ నాదే వెయ్యండి. కింద పేరు కూడా నాదే, మీ ఇంటిపేరుతో సహా. ఇంకో పిల్ల మొహం వేశారో, నేనే వీధిలోకెళ్ళి చెప్తాను."

పెన్సిలు ఆగిపోయింది. "మతి పోయిందా? నలుగురూ ఏమంటారు? కట్టుకున్న పెళ్ళాన్ని కొట్టు కిటికీలో వేలాడగట్టమంటావా?"

"ఆరు వారాల్నించీ వేలాడుతూనే ఉన్నానండీ," అంది డోర్కస్.